నెట్‌వర్క్ ప్రోటోకాళ్లు, వాటి పోర్టులు

నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌ను చేరిన ప్రతి ప్యాకెట్‌నూ అక్కడ నడుస్తున్న పదుల కొద్దీ ప్రోగ్రాముల్లో ఏదో ఒకదానికి అప్పగించాలి. యంత్రం దాకా చేర్చే పని ఐపీ చిరునామాది. అక్కడి నుంచి ఏ ప్రోగ్రాముకు ఇవ్వాలో తేల్చేది పోర్టు నంబరు. ఆ తర్వాత రెండు వైపుల ప్రోగ్రాములు ఏ వరసలో, ఏ రూపంలో సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలో చెప్పే నియమావళి ప్రోటోకాల్. వెబ్ పేజీలకు హెచ్‌టీటీపీ, మెయిల్‌కు ఎస్‌ఎంటీపీ, పేర్ల వెతుకులాటకు డీఎన్‌ఎస్ అలాంటివే. ప్రోటోకాల్‌కూ పోర్టుకూ మధ్య ఉన్నది కేవలం ఒప్పందం. వెబ్ సర్వర్‌ను 80లోనే నడపాలని ఏ యంత్రమూ పట్టుబట్టదు. 8080లో పెట్టినా, 9000లో పెట్టినా పేజీలు అందుతాయి. కాకపోతే ఆ సంగతి చూసేవాళ్లకు ముందే తెలియాలి. అడగకుండానే అందరికీ తెలిసి ఉండాలని చేసుకున్న ఏర్పాటే పోర్టు నంబర్ల పట్టిక. అందులోని నంబర్లలో చాలావాటి వెనుక సాంకేతిక కారణం కన్నా చరిత్రే ఎక్కువ.

పోర్టు పనిచేసే తీరు

లాన్ కేబుల్ గుచ్చే చోటును కూడా పోర్టనే అంటారు గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ పోర్టంటే టీసీపీ లేదా యూడీపీ శీర్షికలో ఉండే 16 బిట్ల సంఖ్య. అందుకే అది 0 నుంచి 65,535 వరకే ఉంటుంది. ప్రతి శీర్షికలోనూ ఇలాంటివి రెండుంటాయి: పంపినవారి పోర్టు, అందుకునేవారి పోర్టు. టీసీపీ 443, యూడీపీ 443 ఒకటి కావు. ఒకే యంత్రంలో ఆ రెండింటినీ వేర్వేరు ప్రోగ్రాములు వాడుకోవచ్చు.

ఈ రెండు రవాణా ప్రోటోకాళ్ల స్వభావాలు వేరు. వింట్ సర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రతిపాదించిన ఆలోచన నుంచి పుట్టిన టీసీపీ మొదట కనెక్షన్ కుదుర్చుకుని, ఆ తర్వాతే సమాచారం పంపుతుంది. ఇటు నుంచి సిన్, అటు నుంచి సిన్-ఆక్, మళ్లీ ఇటు నుంచి ఆక్ అనే మూడు ప్యాకెట్లతో ఈ కుదుర్చుకోవడం పూర్తవుతుంది. దారిలో పోయిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ పంపుతుంది, వరస తప్పినవాటిని సర్దుతుంది, అవతలివారు తట్టుకోలేకపోతే వేగం తగ్గిస్తుంది. ఇన్ని పనులు చేయాలి గనుక దాని శీర్షిక కనీసం 20 బైట్లు. ఇంటర్నెట్ నిర్దేశపత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు; వాటిలో 1981 సెప్టెంబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 793 నలభై ఏళ్లపాటు దానికి ప్రామాణిక పత్రంగా నిలిచింది. 2022 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 9293 ఆ స్థానంలోకి వచ్చింది.

డేవిడ్ రీడ్ రూపకల్పన చేసిన యూడీపీ ఇందుకు పూర్తిగా భిన్నం. 1980 ఆగస్టులో వచ్చిన దాని నిర్దేశపత్రం మూడు పేజీలు. శీర్షిక 8 బైట్లు. అందులో రెండు పోర్టులు, పొడవు, చెక్‌సమ్ తప్ప మరేమీ లేవు. ప్యాకెట్‌ను వదిలేయడమే దాని పని, చేరిందో లేదో పట్టించుకోదు. ఒక ప్రశ్న, ఒక జవాబుతో ముగిసే పనులకూ, ఆలస్యంగా రావడం కన్నా అసలు రాకపోవడమే మేలనిపించే మాటల ప్రసారానికీ ఇది సరిపోతుంది.

వెబ్ సర్వర్‌కు ఒకేసారి వేలమంది వస్తే ఒక్కొక్కరికి ఒక్కో పోర్టు కేటాయిస్తుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. అందరూ వచ్చేది 443కే. ఎవరి కనెక్షన్ ఏదో తేల్చడానికి నాలుగు సంఖ్యల కట్ట సరిపోతుంది: ఇటు ఐపీ, ఇటు పోర్టు, అటు ఐపీ, అటు పోర్టు. చూసేవారి కంప్యూటర్ ప్రతి కొత్త కనెక్షన్‌కూ తన వైపు నుంచి ఒక తాత్కాలిక పోర్టు తీసుకుంటుంది కాబట్టి, ఒకే మనిషి ఒకే సైటును రెండు బ్రౌజర్లలో తెరిచినా ఆ నాలుగూ ఎక్కడా కలవవు. ఈ తాత్కాలిక పోర్టులను విండోస్ విస్టా కాలం నుంచి 49,152 మొదలుకుని ఇస్తుంది. లినక్స్ సాధారణంగా 32,768 నుంచి 60,999 లోపల ఇస్తుంది. కనెక్షన్ ముగిశాక ఆ నంబరు కొంతసేపటికి మళ్లీ వాడకంలోకి వస్తుంది.

నంబర్లు ఎవరు పంచారు

పోర్టుల పట్టిక ఇప్పుడు ఇంటర్నెట్ నంబర్లు కేటాయించే ఐయానా చేతిలో ఉంది. మొదట్లో ఆ పని దాదాపు ఒక్క మనిషిది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇన్‌ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన జాన్ పోస్టెల్ 1998లో మరణించేదాకా నంబర్ల పంపకం చూశాడు. ఏ సేవకు ఏ నంబరో అందరూ ఒప్పుకోవాలంటూ 1972 మేలో ఆయన రాసిన ఆర్‌ఎఫ్‌సీ 349లో టెల్‌నెట్‌కు 1, ఫైళ్ల బదిలీకి 3, ఎకోకు 7, డిస్కార్డ్‌కు 9 కనిపిస్తాయి. తర్వాత ప్రోటోకాళ్లు మారినప్పుడు టెల్‌నెట్ 23కు, ఫైళ్ల బదిలీ 21కి చేరాయి. ఎకో, డిస్కార్డ్ మాత్రం ఇప్పటికీ పట్టికలో అక్కడే ఉన్నాయి.

పాత నంబర్లు చాలావరకు బేసి సంఖ్యలు కావడం యాదృచ్ఛికం కాదు. టీసీపీ కన్నా ముందు, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో నడిచిన ఎన్‌సీపీ అనే నియమావళిలో ఒక కనెక్షన్ ఒక దిశకే పనికొచ్చేది. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి కావాలి గనుక ప్రతి సేవా ఒక జత నంబర్లను తీసుకునేది. పంపడానికి బేసి, అందుకోవడానికి సరి. 1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీకి మారింది. టీసీపీ కనెక్షన్ రెండు దిశలా నడుస్తుంది కాబట్టి ఒక్క నంబరు చాలు. 7, 9, 13, 17, 19, 21, 23, 25, 37 అనే వరసలో ఆ పాత జతల గుర్తు మిగిలిపోయింది.

1994 అక్టోబరు దాకా ఈ పట్టిక ఆర్‌ఎఫ్‌సీల రూపంలో అచ్చయ్యేది. ఆ నెలలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1700 చివరిది. తర్వాత అది ఆన్‌లైన్ డేటాబేస్‌గా మారింది. 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6335 ప్రకారం నంబర్లు మూడు భాగాలు. 1023 వరకూ వ్యవస్థ పోర్టులు, వీటినే సుపరిచిత పోర్టులని కూడా అంటారు. 1024 నుంచి 49,151 వరకు ఎవరైనా దరఖాస్తు చేసి నమోదు చేయించుకునేవి. ఆపైన 65,535 దాకా ఎవరికీ కేటాయించనివి. మొదటి భాగానికి యూనిక్స్ ఇంకో నియమం చేర్చింది: 1024 కన్నా తక్కువ పోర్టులో సర్వర్ నడపాలంటే రూట్ అధికారం ఉండాలి. పెద్ద కంప్యూటర్లు తక్కువగా, వాటి నిర్వాహకులు ఒకరికొకరు తెలిసినవారుగా ఉన్న రోజుల్లో చిన్న నంబరు నుంచి వచ్చినదాన్ని నమ్మవచ్చనేది దాని వెనుక ఆలోచన. ఎవరి లాప్‌టాప్‌కు వారే రూట్ అయిన కాలంలో ఆ నమ్మకానికి అర్థం పోయింది, నియమం మాత్రం మిగిలింది. సాధారణ వాడుకరిగా టెస్ట్ సర్వర్ నడిపే ప్రోగ్రామర్లు 8000, 8080 వంటి నంబర్లకు అలవాటు పడింది ఇందుకే.

ఫైళ్లు, దూరపు లాగిన్: 20 నుంచి 23 వరకు

ఫైళ్ల బదిలీకి పుట్టిన ఎఫ్‌టీపీ ఇంటర్నెట్‌లోని అతి పాత ప్రోటోకాళ్లలో ఒకటి. దాని తొలి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 114గా రాసిన అభయ్ భూషణ్ కాన్పూర్ ఐఐటీ తొలి బ్యాచ్ విద్యార్థి, అప్పటికి ఎమ్‌ఐటీలో ఉన్నాడు. ఎఫ్‌టీపీకి రెండు కనెక్షన్లు కావాలి: ఆదేశాలకు 21, సమాచారానికి మరొకటి. మొదటి పద్ధతిలో సర్వరే తన 20వ పోర్టు నుంచి తిరిగి క్లయింట్‌కు కనెక్షన్ తెరుస్తుంది. అందరి కంప్యూటర్లూ నేరుగా నెట్‌వర్క్‌పై ఉన్నప్పుడు ఇందులో ఇబ్బంది లేదు. ఇంటి రౌటర్లు, ఫైర్‌వాళ్లు వచ్చాక బయటి నుంచి లోపలికి వచ్చే ఆ కనెక్షన్ గుమ్మం దాటలేకపోయింది. అప్పుడు పాసివ్ పద్ధతి వ్యాపించింది. అందులో రెండు కనెక్షన్లనూ క్లయింటే తెరుస్తుంది. పాస్‌వర్డ్‌తో సహా అన్నీ మామూలు అక్షరాల్లోనే పోవడం ఎఫ్‌టీపీకి ఉన్న ఇంకా పెద్ద లోపం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు 2021లో దానికి స్వస్తి చెప్పాయి. దీనికి చిన్న రూపమైన టీఎఫ్‌టీపీ యూడీపీ 69లో ఇప్పటికీ బతికే ఉంది. లాగిన్ కూడా లేని ఈ ప్రోటోకాల్‌తో రౌటర్లకు సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, డిస్కు లేని కంప్యూటర్లను బూట్ చేయడం వంటి పనులు చేస్తారు.

దూరపు యంత్రంలోకి లాగిన్ కావడానికి వాడిన టెల్‌నెట్‌ది 23. దీనిలోనూ దాపరికం లేదు. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో మాటువేసి పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అక్కడి పరిశోధకుడు తాతు ఉలొనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. తన ప్రోగ్రాము టెల్‌నెట్, ఎఫ్‌టీపీ రెండింటి స్థానంలోకి రావాలని ఆయన కోరిక. ఆ రెండింటి మధ్య 22 ఖాళీగా కనిపించింది. జులైలో ఐయానాకు మెయిల్ రాసి ఆ నంబరు అడిగాడు. మర్నాడే పోస్టెల్ సహోద్యోగి జాయ్స్ రేనాల్డ్స్ నుంచి ఇచ్చామని జవాబు వచ్చింది. నేడు ప్రపంచంలోని లినక్స్ సర్వర్ల నిర్వహణ చాలావరకు ఆ పోర్టు మీదే నడుస్తుంది. సురక్షితంగా ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ కూడా 22 లోపలే పోతుంది. పేరులో పోలిక ఉన్నా దానికీ ఎఫ్‌టీపీకీ చుట్టరికం లేదు.

టెల్‌నెట్ మాత్రం పూర్తిగా పోలేదు. చవకగా దొరికే కెమెరాలు, సీసీటీవీ డీవీఆర్‌లు, రౌటర్ల లోపల తయారీదారులు దాన్ని వదిలిపెట్టారు, పైగా అన్నింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ 23, 2323 పోర్టుల మీద అలాంటి పరికరాల కోసం ఇంటర్నెట్టంతా గాలించి, కొద్దిపాటి పాస్‌వర్డ్‌ల జాబితాతో లక్షల పరికరాలను లొంగదీసుకుంది. ఆ అక్టోబరు 21న అవన్నీ కలిసి డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద పడగా ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు గంటల తరబడి అమెరికాలో చాలామందికి అందలేదు.

మెయిల్

మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునేది ఎస్‌ఎంటీపీలో, పోర్టు 25లో. 1982 నాటి ఈ ప్రోటోకాల్‌కు పంపేవారెవరో నిర్ధారించుకునే మార్గం లేదు. స్పామ్ పెరిగాక ఇంటర్నెట్ సంస్థలు ఇళ్ల కనెక్షన్ల నుంచి 25కు పోయే రద్దీని ఆపడం మొదలుపెట్టాయి. చాలా క్లౌడ్ సంస్థలు కూడా కొత్త సర్వర్లకు దాన్ని మూసే ఉంచుతాయి. అందుకని వాడుకరి తన మెయిల్‌ను సర్వర్‌కు అప్పగించే పనిని విడదీసి 1998లో 587కు మార్చారు. అక్కడ లాగిన్ తప్పనిసరి.

మధ్యలో 465ది వింత కథ. మొదటి నుంచీ గుప్తీకరించిన ఎస్‌ఎంటీపీ కోసం 1997లో దాన్ని కేటాయించారు. ఒకే సేవకు మామూలుగా ఒకటి, రహస్యంగా ఒకటి అంటూ రెండు పోర్టులు దండగనీ, మామూలు కనెక్షన్‌నే మధ్యలో స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఆదేశంతో గుప్తీకరణకు మార్చుకోవచ్చనీ భావించి కొద్దికాలానికే వెనక్కి తీసుకున్నారు. పట్టికలో ఆ నంబరు వేరే ప్రోటోకాల్‌కు పోయింది. మెయిల్ ప్రోగ్రాములు మాత్రం పట్టిక మాట వినలేదు, 465ను వాడుతూనే వచ్చాయి. పైగా మధ్యలో మార్చుకునే పద్ధతిలో దారిలోని దుండగుడు ఆ ఆదేశాన్ని తొలగించి అంతా బాహాటంగా పోయేలా చేయగలడని తేలింది. చివరికి 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8314 వాడుకకు తలవంచి, 465ను మెయిల్ అప్పగింతకు తిరిగి ఇచ్చింది. పట్టిక వాడుకను నడిపిస్తుందనుకుంటాం గానీ ఇక్కడ జరిగింది తలకిందులు.

వచ్చిన మెయిల్ చదువుకోవడానికి పాప్3, ఐమ్యాప్ ఉన్నాయి. పాప్3 పోర్టు 110, గుప్త రూపం 995. ఐమ్యాప్‌వి 143, 993. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంచి ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే పెట్టె చూపేది ఐమ్యాప్ కాబట్టి నేడు దాని వాడకమే ఎక్కువ.

పేరు, చిరునామా, సమయం

1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్ సైట్ల పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చి చెబుతుంది. పోర్టు 53. ప్రశ్నలు సాధారణంగా యూడీపీలో పోతాయి. జవాబు పెద్దదైనా, ఒక సర్వర్ తన పట్టికనంతా మరోదానికి కాపీ ఇస్తున్నా టీసీపీ 53 కావాలి. టీసీపీ అనవసరమనుకుని ఫైర్‌వాల్‌లో ఆపేసి, కొన్ని సైట్లే ఎందుకు తెరుచుకోవడం లేదో తెలియక తలపట్టుకునే నిర్వాహకులు ఇప్పటికీ ఉన్నారు.

పోర్టు నంబరు రక్షణ కవచంగా మారిన సందర్భం డీఎన్‌ఎస్ చరిత్రలోదే. చాలా డీఎన్‌ఎస్ సర్వర్లు తమ ప్రశ్నలన్నీ ఒకే స్థిరమైన పోర్టు నుంచి పంపేవి. దొంగ జవాబు నిజమైనదిగా చెల్లాలంటే ప్రశ్నలోని 16 బిట్ల గుర్తింపు సంఖ్యను ఊహిస్తే చాలు, అంటే 65,536లో ఒకటి. ఆ ఊహను మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఉపాయాన్ని డాన్ కమిన్‌స్కీ 2008లో కనిపెట్టాడు. సాఫ్ట్‌వేర్ సంస్థలన్నీ గుట్టుగా కూడబలుక్కుని ఒకేసారి సవరణ విడుదల చేశాయి. ఆ సవరణ చేసిందల్లా ప్రతి ప్రశ్ననూ యాదృచ్ఛికంగా ఎంచుకున్న పోర్టు నుంచి పంపడం. దుండగుడు ఇప్పుడు రెండు సంఖ్యలనూ ఒకేసారి ఊహించాలి.

నెట్‌వర్క్‌లో చేరిన యంత్రానికి ఐపీ చిరునామా ఇచ్చేది డీహెచ్‌సీపీ. సర్వర్‌ది యూడీపీ 67, క్లయింట్‌ది 68. క్లయింట్ వైపు కూడా నంబరు స్థిరంగా ఉండటం అరుదైన విషయం. కారణం సులువే: చిరునామా లేని యంత్రానికి జవాబు చేర్చాలంటే అందరికీ వినపడేలా ప్రసారం చేయాల్సి రావచ్చు. అప్పుడు అవసరమైన యంత్రం దాన్ని పట్టుకోవాలంటే పోర్టు ముందే తెలిసి ఉండాలి.

గడియారాలను కలిపే ఎన్‌టీపీది యూడీపీ 123. డేవిడ్ మిల్స్ 1985లో దాని తొలి నిర్దేశం రాశాడు. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సంస్థల కంప్యూటర్ల గడియారాలు నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఎన్‌టీపీ సర్వర్లతో, లేదంటే వాటితో పోల్చి చూడగల సర్వర్లతో సరితూగాలన్నాయి. లాగ్‌లను 180 రోజులు దాచాలన్నాయి. నేరపరిశోధనలో ఏ యంత్రంలో ఏది ముందు జరిగిందో తేలాలంటే గడియారాలు ఒకే మాట చెప్పాలి.

వెబ్

టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన హెచ్‌టీటీపీకి 80 దక్కింది. పట్టికలో దానికి కాస్త ముందు 70లో గోఫర్ ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టి, 1990ల మొదట్లో వెబ్‌తో పోటీపడి వెనకబడిన ప్రోటోకాల్ అది. నెట్‌స్కేప్ సంస్థ 1994లో ఆన్‌లైన్ కొనుగోళ్ల కోసం ఎస్‌ఎస్‌ఎల్ గుప్తీకరణ తెచ్చినప్పుడు హెచ్‌టీటీపీఎస్‌కు 443 వచ్చింది. చాలాకాలం అది బ్యాంకులకు, దుకాణాలకు మాత్రమే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 నుంచి సర్టిఫికెట్లను ఉచితంగా ఇవ్వడంతో చిన్న బ్లాగులు కూడా 443కు మారాయి. ఇప్పుడు 80కి మిగిలిన ముఖ్యమైన పని, వచ్చినవారిని 443కు పంపడం.

అడ్రస్‌బార్‌లో పోర్టు కనపడకపోవడానికి కారణం ఈ రెండు నంబర్లనూ బ్రౌజర్ తనంతట తానే ఊహించుకోవడం. వేరే పోర్టయితే కోలన్ పెట్టి రాయాలి. అలా రాసినా కొన్నింటికి బ్రౌజర్లు పోవు. 25, 6667 వంటివి నిషిద్ధ జాబితాలో ఉంటాయి. వెబ్ పేజీలోని ఫారం ద్వారా మెయిల్ సర్వర్‌కో, ఐఆర్‌సీ చాట్ సర్వర్‌కో ఆదేశాలు పంపే మోసాన్ని అడ్డుకోవడానికి.

ఆఫీసు నెట్‌వర్క్, డేటాబేసులు

విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే ఎస్‌ఎమ్‌బీది టీసీపీ 445. దానికి ముందు 137 నుంచి 139 వరకు ఉన్న నెట్‌బయోస్ పోర్టుల మీద ఆ పని జరిగేది. 445 పేరు ఆఫీసుల్లో ఎవరికీ పట్టేది కాదు, 2017 మే 12 వరకు. ఆ రోజు వ్యాపించిన వానాక్రై అనే మాల్‌వేర్ ఎస్‌ఎమ్‌బీలోని లోపం పట్టుకుని, ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే 445 గుండా ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకి ఫైళ్లకు తాళం వేసింది. బ్రిటన్ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ ఆ లోపాన్ని మార్చి 14నే సవరించింది. సవరణ వేసుకోని యంత్రాలే చిక్కాయి. 445ను ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచాల్సిన అవసరం మాత్రం దాదాపు ఏ సంస్థకూ లేదు.

దూరం నుంచి విండోస్ తెర చూపే ఆర్‌డీపీ 3389లో, ఉద్యోగుల వివరాల పట్టిక నడిపే ఎల్‌డాప్ 389లోనూ దాని గుప్త రూపం 636లోనూ, లాగిన్ టికెట్లిచ్చే కెర్బెరోస్ 88లో ఉంటాయి. పరికరాల ఆరోగ్యం అడిగి తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎమ్‌పీకి యూడీపీ 161, పరికరాలు తామే హెచ్చరించడానికి 162. ప్రింటర్లకు 631, 9100. సీసీటీవీ వీడియో తెప్పించే ఆర్‌టీఎస్‌పీకి 554.

డేటాబేసుల్లో ఒరాకిల్ 1521, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433, మైఎస్‌క్యూఎల్ 3306, పోస్ట్‌గ్రెస్ 5432, మాంగోడీబీ 27017. రెడిస్ 6379ను దాని రచయిత పాత ఫోన్ల మీటల మీద ఇటలీ టీవీ తార అలెస్సియా మెర్జ్ ఇంటిపేరు నొక్కి ఎంచుకున్నాడు; నంబర్ల ఎంపికలో గాంభీర్యం ఎంతో ఇది చెబుతుంది. వీటిలో ఏదీ బయటి ప్రపంచానికి కనపడకూడదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కే చెందిన యూడీపీ 1434 మీద 2003 జనవరి 25న స్లామర్ వార్మ్ బయలుదేరింది. దాని మొత్తం కోడ్ 376 బైట్లు, ఒకే ప్యాకెట్. యూడీపీలో కనెక్షన్ కుదుర్చుకునే తంతు లేదు గనుక సోకిన యంత్రం జవాబు కోసం ఆగకుండా ప్యాకెట్లు కురిపించింది. లోపమున్న యంత్రాల్లో అత్యధికం పది నిమిషాల్లో దాని వశమయ్యాయి. మాంగోడీబీ పాత వెర్షన్లు కొన్ని ఏ అడ్డూ లేకుండా అన్ని వైపులా వినేవి. తెరిచి ఉన్న వేల డేటాబేసులు చెరిపేసి డబ్బులడిగిన ఘటనల తర్వాత, 2017లో వచ్చిన 3.6 నుంచి అది తన యంత్రానికే పరిమితమై మొదలవుతుంది.

కాల్స్, పరికరాలు, రౌటర్లు

ఇంటర్నెట్ ఫోన్ కాల్‌ను మోగించి కలిపే సిప్‌ది 5060, గుప్త రూపానికి 5061. వోల్టీ కాల్స్ వెనుక నడిచే సంకేతాలూ సిప్‌వే. అసలు మాట మాత్రం ఆర్‌టీపీలో, కాల్ మొదట్లో రెండు వైపులా ఒప్పుకున్న యూడీపీ పోర్టుల్లో పోతుంది. సెన్సర్లు, స్మార్ట్ మీటర్ల వంటి చిన్న పరికరాలకు వాడే ఎమ్‌క్యూటీటీని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ చమురు పైపులైన్ల మీద ఉపగ్రహ లింకుల ఖర్చు తగ్గించడానికి రూపొందించారు. పోర్టు 1883, గుప్త రూపానికి 8883. వీపీఎన్‌లలో ఐపీసెక్ తాళాల మార్పిడి యూడీపీ 500, 4500 మీద, ఓపెన్‌వీపీఎన్ 1194 మీద, వైర్‌గార్డ్ సాధారణంగా 51820 మీద. ఇంటర్నెట్ సంస్థలు తమ దారులను ఒకదానికొకటి చెప్పుకునే బీజీపీ టీసీపీ 179లో నడుస్తుంది.

పోర్టే లేని ప్రోటోకాళ్లూ ఉన్నాయి. పింగ్ ఏ పోర్టు వాడుతుందన్నది నెట్‌వర్కింగ్ ఇంటర్వ్యూల్లో అడిగే తికమక ప్రశ్న. పింగ్ వాడే ఐసీఎమ్‌పీ నేరుగా ఐపీ మీద కూర్చుంటుంది. ఐపీ శీర్షికలో ఐసీఎమ్‌పీకి 1, టీసీపీకి 6, యూడీపీకి 17, రౌటర్లు వాడే ఓఎస్‌పీఎఫ్‌కు 89 అనే వేరే సంఖ్యలుంటాయి. పోర్టు ఆలోచన టీసీపీ, యూడీపీ వంటి రవాణా పొరలోకి వచ్చాకే మొదలవుతుంది.

చిరునామాల కొరత, పోర్టుల సాయం

ఐపీవీ4 చిరునామాలు సుమారు 430 కోట్లే. ఇంటి రౌటర్ ఇంట్లోని ఫోన్లు, టీవీలన్నింటినీ ఒకే బయటి చిరునామా వెనుక దాచగలగడానికి కారణం పోర్టులే. లోపలి యంత్రం, దాని పోర్టును రౌటర్ తన పట్టికలో రాసుకుని, బయటికి తన సొంత పోర్టు ఒకటి కేటాయిస్తుంది. జవాబు ఆ పోర్టుకు వస్తే పట్టిక చూసి లోపలికి మళ్లిస్తుంది. మొబైల్ సంస్థలు ఇదే పని పెద్దయెత్తున చేసి వందల మంది చందాదారులను ఒకే చిరునామా మీద నడుపుతాయి. దీనివల్ల సైబర్ నేరాల దర్యాప్తులో ఐపీ చిరునామా ఒక్కటే సరిపోని పరిస్థితి వచ్చింది. ఖచ్చితమైన సమయంతో పాటు పంపినవారి పోర్టు నంబరు కూడా ఉంటేనే చందాదారు ఎవరో సంస్థ చెప్పగలదు. చాలా వెబ్‌సైట్ల లాగ్‌లు ఆ పోర్టును రాసుకోవు.

తెరిచినవి, మూసినవి

ఒక యంత్రంలో ఏ ప్రోగ్రాము ఏ పోర్టులో వింటున్నదో విండోస్‌లో నెట్‌స్టాట్, లినక్స్‌లో ఎస్‌ఎస్ ఆదేశం చూపుతాయి. బయటి నుంచి చూడటానికి 1997లో గోర్డన్ లయన్ విడుదల చేసిన ఎన్‌మ్యాప్ వాడతారు. సిన్ పంపితే సిన్-ఆక్ వచ్చిన టీసీపీ పోర్టు తెరిచి ఉన్నట్టు. రీసెట్ వస్తే అక్కడ వినేవారు లేరు. ఏ జవాబూ రాకపోతే మధ్యలో ఫైర్‌వాల్ మింగేసినట్టు. యూడీపీలో ఇంత స్పష్టత ఉండదు. మౌనానికి తెరిచి ఉందనీ, అడ్డుకున్నారనీ రెండర్థాలూ ఉంటాయి. పట్టిక చూసి ఎన్‌మ్యాప్ చెప్పే పేరు ఊహ మాత్రమే. 22లో వెబ్ సర్వర్ ఉండవచ్చు, ఎస్‌ఎస్‌హెచ్ 2222కు మారి ఉండవచ్చు. అలా మార్చడం వల్ల గాలించే ప్రోగ్రాముల రొద తగ్గుతుంది గానీ రక్షణ పెరిగిందనుకోవడం పొరపాటు. 65 వేల పోర్టులను గాలించడానికి ఎంతోసేపు పట్టదు. అనుమతి లేకుండా ఇతరుల యంత్రాలను గాలించడం చట్టపరమైన చిక్కులు తెస్తుంది.

443 వైపు వలస

ఫైర్‌వాళ్లు దాదాపు అన్నీ మూసి 443ను వదలడంతో కొత్త సేవలు కూడా ఆ పోర్టులోకే చేరాయి. ఆప్‌లు సర్వర్లతో మాట్లాడేది, చెల్లింపులు చేసేది, వీడియో మీటింగ్ మిగతా దారులు మూసుకున్నప్పుడు ఆశ్రయించేది అదే. 2022 జూన్‌లో ప్రమాణమైన హెచ్‌టీటీపీ/3 టీసీపీని వదిలి యూడీపీ మీద క్విక్ అనే కొత్త రవాణాను వాడుతుంది, నంబరు మాత్రం 443నే ఉంచుకుంది. కొత్త రవాణాకు ఐపీ స్థాయిలో సొంత సంఖ్య తీసుకోవచ్చు కదా అంటే, టీసీపీ, యూడీపీ తప్ప మూడోదాన్ని ఇళ్ల రౌటర్లు చాలావరకు సాగనివ్వవు.

డీఎన్‌ఎస్ ప్రశ్నలను గుప్తంగా పంపే రెండు పద్ధతుల్లో ఈ మార్పు బాగా కనపడుతుంది. 2016లో వచ్చిన మొదటిది 853 అనే సొంత పోర్టు తీసుకుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ సెట్టింగుల్లో కనిపించే ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆ పద్ధతితో వచ్చింది. 2018 నాటి రెండోది డీఎన్‌ఎస్ ప్రశ్నను హెచ్‌టీటీపీఎస్ లోపల పెట్టి 443లో పంపుతుంది. కాలేజీ లేదా ఆఫీసు నెట్‌వర్క్ నిర్వాహకుడు మొదటిదాన్ని ఆపాలనుకుంటే 853ను మూస్తే సరిపోతుంది. రెండోదాన్ని పోర్టు నంబరు చూసి ఆపాలంటే వెబ్‌నంతటినీ మూయాలి; అందుకని తెలిసిన డీఎన్‌ఎస్ సర్వర్ల ఐపీ చిరునామాలనూ పేర్లనూ జాబితా వేసుకుని ఒక్కొక్కటిగా అడ్డుకుంటున్నారు.